జూలై ముప్పయ్యొకటో తేదీ పేజీ

లాయరు గుమాస్తా స్కూటీ దిగి
గుడి తాళం అడిగినాడు.
ఫాదర్ నెల్లూరు పోయుండాడు, బిషపు గారి కాడ మీటింగు.
తాళం నా మొలతాడుకే ఉంది.
ఈ విచారణకి నేను ఉపదేశిని,
నాకు ముందు మా నాయన,
ఆయనకి ముందు ఎవురూ లేరు, తాటితోపు ఉండేది.

జ్ఞానస్నానాల బుక్కు కావాలంట.
సర్పంచి పెంచలమ్మ మీద కేసేసినారు.
ఎస్సీ సీట్లో గెలిచింది గదా,
ఆమె ఎస్సీ కాదు, కిరస్తానీ అని,
రుజువు మా బీరువాలో ఉందని.

ఉంది. ఎందుకుండదు.
చెదలు పట్టకండా వేపాకు మార్చేది నేనే.

ఆ కాలపు ఫాదిరి హాలెండు మనిషి.
మన ఎండకి ముక్కు తోలు ఊడి,
మన కారానికి కళ్ళెమ్మట నీళ్ళు కారి,
'పిల్లలు' అనబోయి 'పిలలు' అంటా
కావలి నించి కందుకూరి దాకా సైకిలు తొక్కినాడు.
కరువొచ్చిన ఏడు గోధుమ నూక పంచినాడు.
నూక కోసం దేవుణ్ణి తీసుకున్నారా,
దేవుడే నూకై వచ్చినాడా అని
టీ బంకు కాడ ఇప్పటికీ వాదమే.
కడుపు నిండినోళ్ళ వాదం అది.

జూలై ముప్పయ్యొకటి, ఇన్నాసి వారి పండగ.
ఒకే పేజీ, ఒకే సిరా.
పై వరసలో రెడ్ల బిడ్డ, ఇన్నారెడ్డి.
కింద వరసలో పల్లె బిడ్డ, ఇన్నాసమ్మ.
రామాయపట్నం ఒడ్డున ఏరుకొచ్చిన ఆల్చిప్ప
ఇంకా నా కాడే ఉంది,
ఇద్దరి నెత్తినా నీళ్ళు పోసింది దాంతోనే.

బళ్ళో ఏసేటప్పుడు అయ్యోరు పేరడిగితే
ఇన్నాసమ్మని వాళ్ళమ్మ
ఒక్క గుక్క మింగి, పెంచలమ్మ అనింది.
ఇన్నారెడ్డిని వాళ్ళ నాయన ఇన్నారెడ్డి అనే అన్నాడు.
ఆయనకి దాచుకునే పని పడలా.

ఇప్పుడా కేసేసింది ఇన్నారెడ్డే.
ముందు బెంచీ మనిషి,
దివ్యసత్ప్రసాదం మొదట ఆయన నాలిక మీదే.
ముంచినా రెడ్డే, తేల్చినా రెడ్డే.
ఈమెకి మాత్రం మూడు చిప్పల నీళ్ళకే
కులం కరిగి బీసీ-సీ అయిపోయిందంట,
కాగితంలో.
ఊళ్ళో ఎక్కడ కరిగింది?
సమాధుల దొడ్లో మోకాటెత్తు గోడ అట్టనే ఉంది,
ఆ పక్క ఆయన తాత, ఈ పక్క ఈమె తాత.
మేకలు రెండు పక్కలా మేస్తాయి.

మా కందుకూరుని ప్రకాశంలో ఉండమన్నారు, ఉన్నాం.
నెల్లూరులోకి పొమ్మన్నారు, పోయినాం.
జిల్లా మారినందుకు ఎవురికీ ఏదీ పోలా,
దేవుడు మారితేనే ఎందుకబ్బా ఇంత లెక్క?
ఆ మాటంటే గుమాస్తా నవ్వి
జిరాక్సు ఎక్కడ దొరుకుద్ది అన్నాడు.

పేజీ తీసినా.
లాటిన్ నాకు రాదు, ఆ రెండు వరసలూ నోటికొచ్చు.
అప్పుడు కనపడింది.
కాదులే, ఎప్పుడూ కనపడేదే,
ఆ పొద్దు చూడక తప్పలా.
అంచున పెన్సిలుతో సన్నటి అక్షరాలు.
ఒక పేరు పక్కన 'రె'.
ఒక పేరు పక్కన 'మా'.
ఫాదిరి లాటిన్లో మాట దొరక్క వదిలేసిన జాగాలో
మా నాయన రాసిపెట్టినాడు,
గుండ్రంగా, ఓపిగ్గా,
నాకు ఓనమాలు దిద్దించిన చేత్తోనే.

గోడ కట్టిన మేస్త్రీ ఎవురో నాకు తెలియదు.
ఈ అక్షరాలు ఎవురివో తెలుసు.

'మా' అంటే ఏంది, మాలా? మాదిగా?
గుమాస్తా కళ్ళజోడు ఎత్తినాడు.
'మా' అంటే మా, అన్నా.
అంతకు మించి నోరు పెగల్లా.

ఆయన ఫోను వంచి
అంచు పడకండా
కింద వరస ఒక్కటే ఫొటో తీసుకున్నాడు.

స్కూటీ దుమ్ము అణిగినాక తాళం ఏసినా.
వేపాకు ఎండిపోయుంది,
మార్చాల.